గీత కనబడితే చాలు

వాక్యం నడుమ పొడుగాటి అడ్డగీత కనబడితే చాలు, ‘ఇది చాట్‌జీపీటీ రాసిందే’ అని తేల్చేసే రోజులొచ్చాయి. 2022 నవంబరులో ఆ యంత్రం జనంలోకి వచ్చాక ఇంగ్లిషు పాఠకుల్లో పుట్టిన ఈ అనుమానం, మన కాలేజీలకూ వాట్సాప్ గుంపులకూ పాకింది. గీత అలవాటున్నవాళ్లు దాన్ని చెరిపేసుకుంటున్నారు. కామాలు ఒద్దికగా పెట్టేవాళ్లు కూడా, మనిషి రాసినట్టు కనబడాలని కొన్ని వదిలేస్తున్నారు. దొంగను పట్టే తొందరలో మనం తప్పు గుమ్మం ముందు కూర్చున్నామని నా అభిప్రాయం. తెలుగు వాక్యం ఎన్నడూ ఈ గుర్తుల మీద ఆధారపడి నిలబడలేదు కాబట్టి, రాసిందెవరో చెప్పే సాక్ష్యం వాటిలో దొరకదు.

జనగామ జిల్లాలోని పాలకుర్తి, బమ్మెర ఊళ్ల పేర్లను ఇంటిపేర్లుగా మోసిన సోమనాథుడి, పోతన కావ్యాలు శతాబ్దాల పాటు తాటాకుల మీదే బతికాయి. ఆ ఆకుల మీద మాటకూ మాటకూ ఎడమే ఉండదు, ఇక కామా ఎక్కడిది! పద్యం ముగిస్తే ఒకటో రెండో నిలువుగీతలు, అంతే. ఎక్కడ ఆగాలో పద్యపు నడకే చెప్పేది. ఇప్పటి విరామ చిహ్నాలు అచ్చుయంత్రంతో పాటు వచ్చినవి. వచనంలోనూ అంతే. సోమవారం ప్రజావాణికి భూపాలపల్లి కలెక్టరేటు మెట్లెక్కే అర్జీ ఎలా ఉంటుంది? ‘మా తండ్రి పేరున రెండెకరాలు ఉండగా ఆయన చనిపోయినందున పట్టా మార్పిడికి దరఖాస్తు పెట్టుకొని పలుమార్లు తిరిగినా పని కానందున తమరు విచారించి న్యాయం చేయగలరు.’ ఒక్క కామా లేదు, అయినా ఎవరూ తడబడరు. ఉండగా, చనిపోయినందున, పెట్టుకొని, తిరిగినా అనే అసమాపక క్రియలే కామాల పని చేస్తున్నాయి. అదే గోడు యంత్రానికి అప్పజెప్తే, ‘ఇది కేవలం భూమి సమస్య కాదు — ఇది మా కుటుంబ భవిష్యత్తు’ అంటుంది. గీత తీసేసి చూడండి, డొల్లతనం పోదు. ఎన్నెకరాలో, ఎవరి పేరునో, ఏ పని ఆగిందో అందులో లేదు. పట్టుకోవలసింది ఆ డొల్లతనాన్ని.

యంత్రం గీతలు ఎక్కువే వాడుతుంది కదా, ఆ ఆనవాలు ఎందుకు వదులుకోవాలి అంటారు. ఎక్కువ వాడిన మాట నిజమే. కానీ గీతలు పెట్టొద్దని చెప్తే చాట్‌జీపీటీ ఇకమీద మాట వింటుందని ఓపెన్‌ఏఐ అధిపతి శామ్ ఆల్ట్‌మన్ 2025 నవంబరులోనే ప్రకటించారు. అంటే కావాలని మోసం చేసేవాడు ఒక్క ముక్క చెప్పి తప్పించుకుంటాడు, ఏమీ ఎరగనివాడు ఇరుక్కుంటాడు. 2023లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు, ఇంగ్లిషు మాతృభాష కానివాళ్లు టోఫెల్ పరీక్షకు రాసిన 91 వ్యాసాలను యంత్రపు రాతను పసిగట్టే ఏడు సాఫ్ట్‌వేర్లకు ఇచ్చారు. సగటున నూటికి 61కి పైగా యంత్రం రాసినవేనని తేల్చాయి అవి! నేర్చుకున్న భాషలో పరిమితమైన మాటలతో జాగ్రత్తగా రాయడమే వాళ్ల నేరమైంది. మహబూబాబాద్ జిల్లా లంబాడీ తండాల పిల్లల సంగతి ఇక్కడే ఆలోచించాలి. ఇంట్లో గోర్ బోలి, బడిలో పుస్తకాల తెలుగు. పుస్తకంలో చూసి నేర్చుకున్న పిల్ల పుస్తకంలో ఉన్నట్టే రాస్తుంది, గుర్తులతో సహా. ఆ శుభ్రతను చూసి అనుమానించే మాస్టారు, ఆ పిల్లను ఎదురుగా కూర్చోబెట్టి రెండు ప్రశ్నలడిగితే ఐదు నిమిషాల్లో తేలిపోయే విషయం ఇది.

అయితే తెలుగుకు ఈ గుర్తులే అక్కర్లేదా అని ఎవరైనా నిలదీయవచ్చు. అలా అననే అనను. తాటాకును గొంతెత్తి చదివేవారు, ఆగవలసిన చోట గొంతే ఆగేది. ఫోన్ తెరను కళ్లతోనే చదువుతాం, పైగా ఇప్పుడు మాట్లాడే భాషనే రాస్తున్నాం. మన వైపు ‘వస్తున్నవ్’ అన్న మాట ప్రశ్నో కాదో గొంతు చెప్తుంది, కాగితం మీద ఆ పని ప్రశ్నార్థకమే చేయాలి. ‘అన్న వచ్చిండు’ అంటే వచ్చింది అన్న. ‘అన్న, వచ్చిండు’ అంటే వచ్చింది ఇంకెవరో, చెప్తున్నది అన్నకు. యంత్రం పెట్టిందనుకుంటారేమోనని ఆ కామా తీసేసినవాడు, వచ్చిందెవరో చెప్పడానికి మళ్లీ ఇంకో మెసేజ్ పెట్టుకోవాలి.