నమూనా దృశ్యములలో కాగితపు అతుకులు

బ్రిటన్‌లో నమూనా రైలుమార్గములను నిర్మించుట చిరకాలముగ పలువురికి వేడుక. అచట విస్తారముగ వాడు కొలత 1:76; అనగా అసలు వస్తువులోని 76 సెంటీమీటర్లు నమూనాలో 1 సెంటీమీటరగును. ఇండ్ల గోడలకు ఇటుకలు అచ్చొత్తిన కాగితములను, వెనుక తెరకు కొండలు, ఆకాశము అచ్చొత్తిన కాగితములను అంటింతురు. ఒక తావు చాలనిచోట రెండవది చేర్చవలసి వచ్చును. ఆ అతుకును మరుగుపరచు ఉపాయములలో అన్నియు సమానముగ మంచివి కావు.

అతుకు కంటికేల పట్టుబడునో ముందు తెలియవలెను. ఆంగ్లదేశపు ఇటుక గోడలో సందుతో కలిపి ఒక వరుస ఎత్తు సుమారు 75 మిల్లీమీటర్లు; నమూనాలో 1 మిల్లీమీటరుకు కొంచెము తక్కువ. 60 సెంటీమీటర్ల దూరమునుండి రెండు చుక్కలు విడివిడిగ కనబడుటకు వాటి నడుమ సుమారు 0.17 మిల్లీమీటరు ఎడముండవలెను. కాని రెండు గీతలు ఒకే సూటిలో ఉన్నవో లేవో కనిపెట్టుటలో కంటి నేర్పు అంతకు అనేక రెట్లు హెచ్చు. పాఠశాలలోని వెర్నియర్ కాలిపర్స్ ఈ నేర్పుపైననే ఆధారపడియున్నది. కనుక ఇటుక వరుస వెంట్రుకవాసి తప్పినను గోడ రెండు ముక్కలని తెలిసిపోవును.

ఈ తప్పునకు ఒక కారణము తడి. బంక తడికి కాగితములోని పోగులు పొడవునకంటె అడ్డముగ ఎక్కువ ఉబ్బును. రెండు తావుల పోగుల దిక్కులు వేరైనను, బంక హెచ్చుతగ్గులుగ పూసినను, ముందు సరిపోయిన వరుసలు అంటించిన తరువాత సరిపోవు. పోగుల దిక్కు చూచుకొని, బంక పలుచగ పూసి, కత్తిరించిన అంచున బయటపడు తెలుపునకు ఇటుక రంగు వేసినచో సగము చిక్కు తీరును. ఇది దాచుట కాదు. పని శుభ్రముగ చేయుట.

పలువురు చేయు పని వేరు: అతుకు ముందర చెట్టు నిలుపుదురు. ఇది ఫొటోకు చాలును. చూచువాడు ప్రక్కకు జరుగగనే అతుకు చెట్టు చాటునుండి వెలువడును. పైగా చెట్టు కొండను కప్పునుగాని ఆకాశమును కప్పదు. గోడ అతుకుపై వాననీటి గొట్టము నిలుపుట ఇంతకంటె మెరుగు. గొట్టము గోడనే అంటియుండును గనుక ఎటనుండి చూచినను అతుకు కనబడదు.

కాని అసలు ఇంటికి ఆ గొట్టము లేకున్నచో? ఆక్స్‌ఫర్డ్‌షైర్‌లోని లాంగ్ విట్టెన్‌హామ్ గ్రామమున రాయ్ ఇంగ్లండ్ 1954లో ప్రారంభించిన పెండన్ ప్రదర్శనశాల ఈ ప్రశ్నకు ప్రాణము పోయును. అచట వైట్ హార్స్ లోయలోని 1920–30 దశకముల పల్లెలు 1:76 కొలతలో, అట్టపై నీటిరంగులతో రూపొందినవి. మారిపోవుచున్న ఇండ్ల రూపమును భావితరములకు నిలుపుటయే దాని ఉద్దేశము. అట్టిచోట లేని గొట్టమును చేర్చినచో చరిత్రకు కల్పన చేర్చినట్లే.

అందరును ఏండ్ల తరబడి అట్లు శ్రమింపజాలరు. అచ్చు కాగితము చవక. దానిని వాడుట తప్పు కాదు. అసలు వస్తువులో సందు ఎచట ఉన్నదో, అనగా గోడ మూలనో, పాత గోడను కొత్త గోడ కలియుచోటనో, అచటనే అతుకును పెట్టుట ఉత్తమము. అట్టి చోటు దొరకనప్పుడు లేని వస్తువుతో కప్పుటకంటె శుభ్రమైన అతుకు కనబడుటయే మేలు. విద్యార్థుల నమూనాలకు మార్కులు వేయు ఉపాధ్యాయులు అతుకు కనబడినదా అని మాత్రమే కాక, దానిని కప్పిన వస్తువు నిజముగ అచట ఉన్నదా అనియు అడుగవలెను.