కొలిమి ముందు ఆరుద్ర

చోడి కోతల రోజుల్లో ముంచింగిపుట్టులో కొడవలికి కక్కు కొట్టించాలంటే కొలిమి దగ్గర పడిగాపులు తప్పవు. ఓసారి నా వంతు వచ్చేసరికి చీకటి పడింది. కొడవలి ఎర్రబడగానే "చాలు కదా తాతా" అన్నాను. "ఎరుపు చాలదు బాబూ, పసుపు తిరగనీ" అంటూ కమ్మరి తాత తిత్తి ఊదుతూనే ఉన్నాడు. ఆయన దగ్గర థర్మామీటరు లేదు. రంగే కొలత.

తలెత్తితే తూర్పు కొండ మీద ఆరుద్ర, అచ్చం ఆ ఎరుపే. ఆరుద్ర కార్తెలో సూర్యుడి వెలుగులో కలిసిపోయి కనబడని చుక్క, చలికాలంలో ఇలా సాయంత్రాలే పొడుస్తుంది. ఎర్రగా ఉందంటే దాని పైపొర వేడి మూడు వేల పైచిలుకు డిగ్రీలే. కుడివైపు నీలితెలుపున మెరిసే మరో చుక్క రీగల్‌ది సుమారు పన్నెండు వేలు. అక్కడా తాత లెక్కే.

ఆరుద్ర లాంటి బరువైన చుక్క తన బరువుకు తానే కుంగిపోకుండా కాసేది లోపలి మంట. హైడ్రోజన్ అయిపోతే హీలియం, ఆపైన కార్బన్, నియాన్, ఆక్సిజన్, సిలికాన్. హైడ్రోజన్ లక్షల ఏళ్లు వస్తుంది, సిలికాన్ కొన్ని రోజులే. చివరికి ఇనుము మిగులుతుంది. ఇనుమును కలిపి మండిస్తే వేడి పుట్టదు, ఉన్నదే ఖర్చవుతుంది. తిత్తి ఆగినట్టే. భూమంత గర్భం సెకను లోపే కూలి, ఇరవై కిలోమీటర్ల న్యూట్రాన్ తార అవుతుంది. బరువు మరీ ఎక్కువైతే కృష్ణబిలం. పైపొరలు పేలి చెదిరిపోతాయి. 1054లో అలా పేలిన చుక్కను చైనావాళ్లు 23 రోజులు పట్టపగలే చూశారు. దాని గర్భం నేటికీ సెకనుకు 30 సార్లు తిరుగుతోంది.

నా కొడవలి ఇనుము ఆ గర్భంలోదే అని చాలాకాలం పొరబడ్డాను. అది అక్కడే సమాధి. పేలుడు వేడికి కొత్తగా పుట్టిన నికెల్ కోబాల్ట్‌గా మారుతుంది. ఆ కోబాల్ట్ 77 రోజులకు సగం చొప్పున ఇనుమవుతుంది. 1987లో పేలిన తార వెలుగు నెలల తరబడి ఆ లెక్కనే తగ్గింది. శ్వేతకుబ్జ తారల పేలుళ్లూ మనకు బోలెడు ఇనుము పంచాయి.

2019 చివర ఆరుద్ర మసకబారితే, ఇక పేలుతుందేమో అన్నారు. తీరా చూస్తే, అది వదిలిన ధూళే దానికి అడ్డొచ్చింది. దాని వంతు రావడానికి లక్ష ఏళ్లయినా పట్టొచ్చు. అంతదాకా ఆగక్కర్లేదు. ఈ చలికాలం ఏ కొలిమి దగ్గరైనా కాసేపు నిలబడి రంగులు చూడండి. ఆ తర్వాత తూర్పుకు తిరగండి.