బీపీటీ బియ్యం వెనక ముఖం

మిర్యాలగూడ మిల్లుల్లో ఆడే సన్న ధాన్యం పేరు అడిగితే బస్తాలెత్తే హమాలీ కూడా ఠక్కున చెబుతాడు, బీపీటీ అని. పూర్తి పేరు బీపీటీ 5204, ఇంట్లో అనేది సాంబ మసూరి. 1986లో బాపట్ల పరిశోధన కేంద్రం నుంచి బయటికొచ్చిన వంగడం. దాన్ని తయారుచేసిన శాస్త్రవేత్త మనిషి ఎలా ఉంటాడో మాత్రం మిల్లు ఓనరునడిగినా, రైతునడిగినా, బడి పంతులునడిగినా చెప్పలేరు. ఐన్‌స్టీన్ జుట్టయితే ఐదో తరగతి పిల్లవాడు కూడా గీసి చూపిస్తాడు.

సూర్యాపేటలోనో కోదాడలోనో మిర్యాలగూడలోనో ఎవరైనా ఒక గది తీసుకుని శాస్త్రవేత్తల చిత్రపటాలతో గ్యాలరీ నడపాలనుకుంటే ఈ తేడా దగ్గర్నుంచే ఆలోచించాలని నా అభిప్రాయం. పదకొండో ఐన్‌స్టీన్‌ని వేలాడదీయడానికి గది అద్దె కట్టనక్కర్లేదు. ఆయన అన్ని బళ్ల గోడల మీదా ఉన్నాడు. పక్కనే తలపాగాతో సీవీ రామన్, నుదుటి మీద పడే జుట్టుతో కలాం ఉంటారు. ఫిబ్రవరి 28న జాతీయ విజ్ఞాన దినోత్సవం వస్తే రామన్‌కి దండ పడుతుంది. 1928లో అదే తేదీన ఆయన తన ఆవిష్కరణను ప్రకటించాడు. 1987 నుంచి దేశమంతా ఆ రోజును జరుపుకుంటోంది.

ఆ గోడబొమ్మలు వేసిన చేతుల గురించి కాస్త చెప్పుకోవాలి. వాళ్లు ఆర్ట్ కాలేజీ చూసినవాళ్లు కారు. కిరాణా కొట్టు బోర్డు, రైసు మిల్లు పేరు, లారీ వెనక రాత, ఎన్నికల గోడరాత, పోయిన తాతగారి పటం, అన్నీ ఒకే కుంచె మీద నడిపినవాళ్లు. ఫ్లెక్సీలొచ్చాక బోర్డుల పని పోయింది. పటాల పని కొంత మిగిలింది. వాళ్ల దగ్గరున్న పద్ధతి చాలా పాతది, చాలా గట్టిది. దాన్ని పక్కనుండి చూస్తేగాని దాని విలువ తెలియదు.

ముందు గళ్లు. ఇంటివాళ్లిచ్చిన ఫొటో పాడుచేయకుండా దాని మీద పారదర్శకమైన ప్లాస్టిక్ కాగితం పరిచి అరంగుళం గళ్లు గీస్తారు. ఫొటో నాలుగంగుళాలు వెడల్పు, ఆరంగుళాలు ఎత్తు అనుకోండి. అడ్డంగా ఎనిమిది, నిలువునా పన్నెండు, మొత్తం 96 గళ్లు. రెండడుగులు బై మూడడుగుల కాన్వాసు మీద అవే గళ్లు మూడంగుళాలవుతాయి. ఇక ముఖం సంగతి మరిచిపోయి ఒక్కో గడిలో ఏ గీత ఏ అంచు నుంచి ఏ అంచుకు పోతోందో చూసి దించుకుంటూ పోవడమే. అనుభవమున్నవాళ్లు ఫొటోనీ కాన్వాసునీ తలకిందులు చేసి గీస్తారు. కన్ను కన్నులా, ముక్కు ముక్కులా కనిపించనప్పుడే చెయ్యి ఉన్నది ఉన్నట్టు గీస్తుంది. తెలిసిన కన్ను కనబడిందంటే చెయ్యి అలవాటైన కన్నే వేసేస్తుంది.

పోలిక కుదిరిందా లేదా అన్నది రంగు వేయకముందే తేలాలి. అద్దంలో చూస్తారు. తప్పు తిరగబడి కనిపిస్తుంది కాబట్టి వెంటనే దొరుకుతుంది. కళ్లు సగం మూసి చూస్తారు. చిన్న వివరాలు మాయమై నీడ ముద్దలు మాత్రమే మిగులుతాయి. నీడ ముద్దలు సరిగ్గా ఉంటే కనురెప్పలు వేయకపోయినా మనిషి గుర్తొస్తాడు. అవి తప్పితే ఒక్కో వెంట్రుకా వేసినా గుర్తురాడు.

రంగుల్లో మొదటి పాఠం నీడకి నలుపు కలపొద్దన్నది. ఎల్లో ఓకర్, లైట్ రెడ్, తెలుపు కలిపితే మన చర్మం రంగు దగ్గరికొస్తుంది. నీడ దగ్గర బర్న్ట్ సియెనాకి చిటికెడు అల్ట్రామెరైన్ నీలం తగిలిస్తే నీడలో రక్తం ఉన్నట్టుంటుంది. నలుపు కలిపితే బూడిద పూసినట్టవుతుంది. ఆయిల్ కలర్లో ఇంకో కట్టుబాటు ఉంది. కింది పొరలు టర్పెంటాయిల్‌తో పలుచగా, పైకొచ్చేకొద్దీ లిన్సీడ్ నూనె ఎక్కువగా ఉండాలి. తిరగేస్తే పై పొర ముందే ఆరిపోయి, కింది పొర తర్వాత కదిలి, కొన్నేళ్లకి నుదురంతా పగుళ్లు పడుతుంది. మన ఎండల్లో ఆ కొన్నేళ్లు కూడా పట్టదు.

కళ్లజోడు పెట్టుకున్న శాస్త్రవేత్త వస్తే మంచి ఆర్టిస్టెవరో అక్కడ తెలిసిపోతుంది. మైనస్ పవరు అద్దం గుండా చూస్తే చెంప అంచు లోపలికి జరిగినట్టు కనిపిస్తుంది. అద్దం బయట చెంప గీత ఒక చోట, అద్దంలో ఇంకో చోట. ఆ చిన్న మెట్టు వేసినవాడి బొమ్మలో కళ్లజోడు నిజంగా ముఖం మీద కూర్చుంటుంది. వేయనివాడి బొమ్మలో అది ముఖం ముందు తేలుతుంది.

ఈ విద్య ఇక్కడి నేలకి కొత్తదేమీ కాదు, కానీ పోలిక మాత్రం కొత్తదే. సూర్యాపేట పక్కన పిల్లలమర్రి గుళ్లలో కాకతీయుల నాటి రంగుబొమ్మల ఆనవాళ్లున్నాయి. చేర్యాల నకాషీ వాళ్లు ఖాదీ గుడ్డకి సుద్దమట్టి, చింతగింజల జిగురు పట్టించి కులకథలు గీశారు. ఆ బొమ్మల్లో రాజు రాజులా ఉంటాడు, దేవుడు దేవుడిలా ఉంటాడు. ఫలానా ఊరి ఫలానా మనిషిలా ఎవరూ ఉండరు, ఉండాల్సిన అవసరమూ లేదు. ఫలానా మనిషే కావాలన్న కోరిక ఫొటోతోపాటు మన పటాల్లోకి వచ్చింది. అందుకే ఫొటో ఎంత మంచిదో పటం అంతే మంచిదన్న నమ్మకం ఆర్టిస్టుల్లో పాతుకుపోయింది. శాస్త్రవేత్తల విషయంలో ఆ నమ్మకం కొంప ముంచుతుంది.

రామానుజన్‌నే తీసుకోండి. ఆయన ఫొటోలు వేళ్ల మీద లెక్కపెట్టేన్ని. మనం చూసే బొమ్మల్లో చాలావాటికి మూలం ఒక్క పాస్‌పోర్టు ఫొటో. ఖగోళ శాస్త్రవేత్త చంద్రశేఖర్ దాన్ని రామానుజన్ భార్య జానకి గారి దగ్గర్నుంచి సంపాదించాడు. అమెరికన్ శిల్పి పాల్ గ్రాన్‌లుండ్ 1980ల్లో చేసిన కంచు విగ్రహానికీ ఆధారం అదే. పాస్‌పోర్టు ఫొటోలో వెలుతురు ఎదురుగా పడి ముఖం చదునుగా ఉంటుంది. ఆర్టిస్టు దాన్ని అలాగే గళ్లు వేసి దించితే బడి గోడ మీద అదే చదును ముఖం వస్తుంది. వెలుతురు కిటికీ వైపు నుంచి వస్తోందని తానే నిర్ణయించుకుని, ముక్కు నీడ ఎటు పడుతుందో, చెంప ఎముక కింద ఎంత చీకటి ఉంటుందో లెక్కగట్టి వేస్తే మనిషి లేచి కూర్చుంటాడు. అందుకు ఫొటో చాలదు. అదే వయసు, అలాంటి ఒళ్లే ఉన్న మనిషిని కిటికీ పక్కన కూర్చోబెట్టి చూడాలి.

అసలు ఫొటోనే లేకపోతే? రాబర్ట్ హుక్ జీవకణానికి ఇంగ్లిషులో ‘సెల్’ అన్న పేరు పెట్టినవాడు. ఆయన ముఖమని రూఢిగా చెప్పగల చిత్రం ఒక్కటీ మిగల్లేదు. రీటా గ్రీర్ అనే ఇంగ్లండ్ చిత్రకారిణి, ఆయన్ని ఎరిగినవాళ్లు రాసిపెట్టిన వర్ణనల్ని పట్టుకుని వరసగా బొమ్మలు వేసింది. ఇది ఊహ అని బొమ్మ కింద చెప్పాలి, చెప్పి వేయాలి. మన ఆర్యభటుడి బొమ్మలన్నీ కూడా ఊహే. ఎవరూ ఆ మాట రాయరు.

ముఖం ఒక్కటే వేసి ఊరుకుంటే శాస్త్రవేత్తకీ సర్పంచికీ తేడా ఉండదు. 1885లో ఆల్బర్ట్ ఎడెల్‌ఫెల్ట్ లూయీ పాశ్చర్‌ని గీసినప్పుడు చేతిలో ఒక గాజు సీసా పెట్టాడు. సీసాలో కుందేలు వెన్నుపాము దారంలా వేలాడుతుంటుంది. పిచ్చికుక్క కాటుకి టీకా దాన్నుంచే వచ్చింది. చూసేవాడు ముఖాన్ని వదిలేసి సీసా దగ్గర ఆగిపోతాడు. లండన్ జాతీయ చిత్రపటాల గ్యాలరీలో రసాయన శాస్త్రవేత్త డొరొతీ హాడ్కిన్ పటం ఇంకా వింతగా ఉంటుంది. 1985లో మాగీ హాంబ్లింగ్ వేసింది. హాడ్కిన్‌కి నాలుగు చేతులు. కీళ్లవాతంతో వంకర్లు పోయిన వేళ్లు ఆగకుండా పనిచేస్తున్నట్టు కాగితాల మీద కదులుతుంటాయి. మన దేవుళ్లకి నాలుగు చేతులు చూసి పెరిగిన పిల్లవాడికి ఈ బొమ్మ వివరించనక్కర్లేదనుకుంటాను.

మన దగ్గర ఇలా వేయదగ్గవాళ్లున్నారు. కాషాయం కట్టిన అణుభౌతిక శాస్త్రవేత్తని ఎక్కడైనా చూశారా? స్వామి జ్ఞానానంద (1896–1969) సన్యాసిగానే ఆంధ్ర విశ్వవిద్యాలయంలో న్యూక్లియర్ ఫిజిక్స్ విభాగాన్ని నిలబెట్టాడు. కాషాయపు మడతలు, పక్కన లెక్కింపు యంత్రం, రెండూ ఒకే చట్రంలో. ఆయిల్ కలర్ తెలిసినవాడికి ఇంతకంటే ఏం కావాలి? యల్లాప్రగడ సుబ్బారావు (1895–1948) పటాలు చాలానే ఉన్నాయి, అన్నిట్లోనూ కోటు, టై. 1995లో తపాలా బిళ్ల కూడా వచ్చింది. కానీ ఆయన చేతిలో ఎవరూ డీఈసీ మాత్ర పెట్టలేదు. బోదకాలు రాకుండా ఆరోగ్య కార్యకర్తలు గడపగడపకీ తిరిగి తమ ఎదుటే మింగించిన మాత్ర అది. ఆయన నడిపించిన లెడర్లీ ప్రయోగశాల బృందం నుంచి వచ్చింది. సూర్యాపేట, నల్లగొండ పల్లెల్లో దాన్ని మింగినవాళ్లకి ఆ ముఖంతో చుట్టరికం అక్కడ కలుస్తుంది.

కోదాడ, హుజూర్‌నగర్, మిర్యాలగూడ పొలాలకి నాగార్జునసాగర్ ఎడమ కాలువ నీళ్లు 1967లో వదిలారు. ఆ ప్రాజెక్టుతో ముడిపడిన కేఎల్ రావు (1902–1986) పటం ఇక్కడి గ్యాలరీలో ఉండాలంటాను. ఇంజనీరు శాస్త్రవేత్త కాడని వాదించేవాళ్లతో నేను వాదించను. ఆయకట్టులో ఆ వాదన నిలబడదు. ఇక నల్లగొండ పేరే ప్రపంచమంతా తిరిగిన శాస్త్రం ఒకటుంది, నల్లగొండ టెక్నిక్. ఫ్లోరైడ్ నీళ్లలో పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ కలిపి, కలియదిప్పి, తేరనిచ్చి పైనీళ్లు తీసుకోవడం. నాగపూర్‌లోని నీరీ సంస్థ శాస్త్రవేత్తలు 1970ల్లో రూపొందించారు. వంకర్లు తిరిగిన కాళ్ల ఫొటోలు పత్రికల్లో లెక్కలేనన్ని వచ్చాయి. బకెట్‌లో పటిక కలిపిన చేతుల బొమ్మ ఎక్కడా లేదు. అది ఒక్కడి పని కాదు, బృందం పని. పటంలో ముఖాలు ఎన్నుండాలన్నది కష్టమైన ప్రశ్నే. నేనైతే చేతులే వేయమంటాను.

గ్యాలరీ నడపడంలో కళ కంటే దుమ్ముతోనే ఎక్కువ పోరు. మిర్యాలగూడలో ఊక బూడిద గాల్లో ఎప్పుడూ ఉంటుంది. ఆయిల్ పటానికి అద్దం బిగించరు. బాగా ఆరాక, అంటే ఆరునెలల నుంచి ఏడాది తర్వాత వార్నిష్ పూస్తారు. దుమ్మును మెత్తని పొడి బ్రష్‌తో దులపాలి గాని తడిగుడ్డతో తుడవకూడదు. వానాకాలంలో గోడ చెమ్మ కాన్వాసుకి పాకకుండా చట్రం వెనక నాలుగు మూలలా బెండు ముక్కలు అతికించి పటాన్ని గోడకి ఎడంగా ఉంచాలి. చెదలకి ఆ సందు అడ్డమేం కాదు, కాబట్టి నెలకోసారి ప్రతి పటాన్నీ దించి వెనక చూడాల్సిందే. ఇంకోటి, ఎత్తు. పెద్దల కంటి ఎత్తుకి వేలాడదీస్తే వచ్చేది బడిపిల్లలు కాబట్టి వాళ్లకి గడ్డాలే కనిపిస్తాయి. ఒక అడుగు కిందికి దించండి, పెద్దలు వంగుతారు.

చిన్న ఊళ్లో గ్యాలరీ నిలవదనేవాళ్లకి రాజమండ్రి చూపిస్తే చాలు. అక్కడి చిత్రకారుడు దామెర్ల రామారావు 1925లో ఇరవై ఏడేళ్లకే పోయాడు. ఆయన పేరున ఉన్న గ్యాలరీలో ఆ బొమ్మలు ఇప్పటికీ ఉన్నాయి. బొమ్మల్ని దాచినవాళ్లు ఉన్నారు కాబట్టి నిలిచింది.

బొమ్మ కింద పుట్టిన తేదీ, బహుమతుల జాబితా రాయడం మానేసి, ఈ మనిషి వల్ల మీ ఇంట్లో ఏది ఉందో ఒక్క వాక్యం రాస్తే చాలు. సాంబ మసూరి శాస్త్రవేత్త పటం వేయించేటప్పుడు ఫొటో కోసం కుటుంబాన్నో సంస్థనో అడగాలి, రాతపూర్వకంగా ఒప్పుకోలు తీసుకోవాలి. కాన్వాసు వెనక పెన్సిల్‌తో మూడు సంగతులు రాసిపెట్టుకోవాలి: ఏ ఫొటో చూసి వేసింది, ఆ ఫొటో ఎవరిచ్చారు, ముఖంలో ఏ భాగం ఊహించి వేసింది.