మనిషిలో డెంగీ, దోమలో డెంగీ

విశాఖలో వానాకాలం నడుమకు వచ్చేసరికి డెంగీ గురించి ఎవరికీ కొత్తగా చెప్పనక్కర్లేదు. గాజువాకలోనైనా వన్‌టౌన్‌లోనైనా ఎన్‌ఎస్1 పరీక్ష ఎప్పుడు చేయించాలో, ప్లేట్‌లెట్లు పడిపోతుంటే ఏం చూసుకోవాలో ఇంటింటా తెలుసు. జీవీఎంసీ మలేరియా సిబ్బంది వచ్చి డ్రమ్ములూ పూలకుండీల పళ్లేలూ వంపించి వెళ్తారు. శుక్రవారం డ్రైడే అంటారు. జబ్బును మనిషి వైపు నుంచి మనం బాగానే ఎరుగుదుం. అదే వైరస్ దోమ ఒంట్లో ఎలా ఉంటుందో పట్టించుకున్నవాళ్లు తక్కువ. ఆడ ఏడిస్ దోమ రోగి రక్తం తాగాక వైరస్ దాని పేగులో పెరిగి, ఒళ్లంతా పాకి, లాలాజల గ్రంథులకు చేరుతుంది. ఆపైన చచ్చేదాకా దోమను వదలదు. అయినా దోమ నీరసించి కూలబడదు, ఎగురుతూనే ఉంటుంది, కుడుతూనే ఉంటుంది. మనకో, నాలుగైదు రోజులు ఒళ్లు కాలిపోతుంది; కానీ వారం తిరిగేసరికి మామూలుగా రక్తంలో వైరస్ జాడ ఉండదు.

మనిషిదీ దోమదీ రెండూ వైరస్‌ను ఎదిరించే పద్ధతులే. ఒకదాన్ని వైద్యుల పుస్తకాల్లో, మరొకదాన్ని కీటక శాస్త్రజ్ఞుల పుస్తకాల్లో విడివిడిగా చదవడం అలవాటైపోయింది. నాకు రెండిటి మీదా మమకారమే. అందుకే రెండిటినీ ఒకే బల్ల మీద పరిచి చూడాలనిపించింది.

ముందు తెలిసిన వైపు. 1957లో లండన్ మిల్ హిల్ పరిశోధనాలయంలో అలిక్ ఐజాక్స్, జాన్ లిండెన్‌మన్ కోడిగుడ్డు పొరల ముక్కలను, వేడితో నిర్జీవం చేసిన ఫ్లూ వైరస్‌ను కలిపి ఉంచారు. ఆ పొరలు ద్రవంలోకి ఏదో పదార్థాన్ని వదిలాయి. ఆ ద్రవం తగిలిన కొత్త పొరల్లో బతికున్న వైరస్ కూడా సరిగా పెరగలేకపోయింది. ఆ పదార్థానికే ఇంటర్ఫెరాన్ అని పేరు పెట్టారు. ఆ ఏడాదే, మే నెలలో, ఆసియా ఫ్లూ ఓడెక్కి మద్రాసు రేవులో దిగి మన దేశమంతా పాకింది.

ఇంటర్ఫెరాన్ వైరస్‌ను ముట్టుకోదన్నది ఇక్కడ మరిచిపోకూడని సంగతి. తుపాను దగ్గర పడుతోందని విశాఖ రేవులో ప్రమాద సూచిక ఎగరేస్తారు, గాలి ఇంకా తగలకముందే సరుకు ఎగుమతి దిగుమతులు నిలిచిపోతాయి. సూచిక గాలిని ఆపదు, రేవును సిద్ధం చేస్తుంది. వైరస్ సోకిన కణం వదిలిన ఇంటర్ఫెరాన్ పక్క కణాలకు చేసేదీ అంతే. అది కణం పైపొర మీది గ్రాహకానికి తగలగానే లోపల స్టాట్1, స్టాట్2 అనే ప్రోటీన్లు జతకట్టి, ఐఆర్‌ఎఫ్9ను కలుపుకొని కేంద్రకంలోకి వెళ్లి వందల జన్యువులను ఒక్కసారిగా మేల్కొలుపుతాయి. వైరస్‌ను అడ్డుకునేవి ఆ జన్యువుల నుంచి పుట్టిన ప్రోటీన్లు.

దోమకైతే ఇంటర్ఫెరాన్ లేదు. యాంటీబాడీలూ లేవు. ప్రధానంగా ఉన్నది ఆర్‌ఎన్‌ఏ ఇంటర్ఫియరెన్స్. ఆండ్రూ ఫైర్, క్రెయిగ్ మెల్లో 1998లో చిన్న నులిపురుగులో కనిపెట్టి, 2006లో నోబెల్ అందుకున్న పద్ధతి అది. డెంగీ తన జన్యు పదార్థాన్ని నకలు తీసుకునేటప్పుడు రెండు పోగుల ఆర్‌ఎన్‌ఏ తయారవుతుంది. దోమ కణంలోని డైసర్-2 అనే ప్రోటీన్ ఆ రెండు పోగులను పట్టుకుని సరిగ్గా 21 అక్షరాల ముక్కలుగా కోస్తుంది. ఒక్కో ముక్కను ఆర్గొనాట్-2 తన దగ్గర పెట్టుకుంటుంది. ఆ ముక్కతో అక్షరం అక్షరం జతపడే వైరస్ ఆర్‌ఎన్‌ఏ ఎక్కడ దొరికితే అక్కడ దాన్ని తెగ్గొడుతుంది. శత్రువు రాతనే తీసుకుని శత్రువును వెతికే ఈ పద్ధతిలోని పొదుపు నన్ను ఎప్పుడు చదివినా ముగ్ధుణ్ని చేస్తుంది.

మన కణంలో అంత పొదుపు లేదు, విస్తారం ఉంది. ఇంటర్ఫెరాన్ మేల్కొలిపిన ప్రోటీన్లలో పీకేఆర్‌ను చూడండి. రెండు పోగుల ఆర్‌ఎన్‌ఏ తగలగానే అది ఈఐఎఫ్2-ఆల్ఫా అనే కీలక భాగానికి ఫాస్ఫేట్ తగిలిస్తుంది. దాంతో కణంలో కొత్త ప్రోటీన్ల తయారీ మొదలవడమే కష్టమవుతుంది. వైరస్‌కు సొంత రైబోజోములు లేవు, కాబట్టి దాని ప్రోటీన్లూ ఆగుతాయి, కణానివీ ఆగుతాయి. ఓఏఎస్ అనే కుటుంబం కూడా అదే తీరున రెండు పోగుల ఆర్‌ఎన్‌ఏను గుర్తించి, ఏటీపీ నుంచి ఒక చిన్న సంకేత అణువును అల్లుతుంది. ఆ అణువు నిద్రలో ఉన్న ఆర్‌నేస్ ఎల్‌ను లేపుతుంది. అది లేచాక వైరస్ ఆర్‌ఎన్‌ఏతో పాటు కణం సొంత ఆర్‌ఎన్‌ఏను కూడా నరుకుతుంది. ఇవి రెండూ పగవాడి పేరు అడగవు.

అన్నీ ఇంత మోటుగా ఉంటాయని కాదు. వైరస్ కణంలోకి వచ్చేది ఒక పొర సంచిలో. ఆ సంచి పొరతో తన పొరను కలిపేస్తేనే దానికి బయటపడే దారి. ఆ కలయికను ఐఎఫ్‌ఐటీఎం3 కష్టతరం చేస్తుంది. ఫ్లూ, వెస్ట్ నైల్, డెంగీ వైరస్‌లను ఈ కుటుంబం నిలవరిస్తుందని 2009లో తేలింది. నాకు మరీ నచ్చేది వైపరిన్. ఆర్‌ఎన్‌ఏ అల్లికకు కావలసిన నాలుగు ముడిసరుకుల్లో సీటీపీ ఒకటి. వైపరిన్ దాన్ని కొద్దిగా మార్చి నకిలీ సీటీపీ చేస్తుంది. డెంగీ కుటుంబపు వైరస్ పాలిమరేజ్ ఆ నకిలీని పోగులో చేర్చిందంటే ఆ పోగు ఇక సాగదు. ఈ సంగతి 2018లో గానీ బయటపడలేదు. వైరస్‌ల మీద మన రసాయన శాస్త్రజ్ఞులు చేసి పెట్టిన కొన్ని మందులు పనిచేసేదీ సరిగ్గా ఇలాగే. కణం ఆ మందును ఎప్పటినుంచో ఇంట్లోనే తయారు చేసుకుంటోంది. వైపరిన్‌కు చుట్టాలు బాక్టీరియాలో కూడా ఉన్నాయి, అక్కడా వైరస్‌ల మీదనే పని. అంటే ఈ ఉపాయం మనిషికంటే, దోమకంటే ఎంతో పాతది.

కాబట్టి మనది వివేకం లేని పద్ధతి, దోమది సూక్ష్మమైన పద్ధతి అని తేల్చేసేవాళ్లతో నేను ఏకీభవించను. దోమ పద్ధతి గురి తప్పదు, కానీ ఆ గురి అక్షరాల మీద ఆధారపడింది. వైరస్ అక్షరాలు మారుతూ ఉంటాయి కనుక వేట ఎప్పటికప్పుడు మళ్లీ మొదలవ్వాలి. మన పద్ధతికి అక్షరాలతో పని లేదు. ఇంతకు ముందు చూడని వైరస్ వచ్చినా అది లేచి నిలబడుతుంది. దాని విలువ 2020లో కళ్లకు కట్టింది. ప్రాణాపాయ స్థితికి చేరిన 987 మంది కొవిడ్ రోగుల్లో 101 మంది రక్తంలో తమ సొంత ఇంటర్ఫెరాన్‌నే పనిచేయనివ్వని యాంటీబాడీలు కనిపించాయి.

మన పద్ధతికి ఒళ్లు చెల్లించే ఖర్చు లేదని కాదు. కె.ఐ. వరప్రసాద్ రెడ్డి 1993లో హైదరాబాద్‌లో స్థాపించిన శాంతా బయోటెక్నిక్స్, హెపటైటిస్ బి టీకా తర్వాత, 2002లో షాన్‌ఫెరాన్ పేరుతో ఇంటర్ఫెరాన్ ఆల్ఫాను దేశంలోనే తయారు చేసి తెచ్చింది. కామెర్ల వైరస్‌లకు ఇంటర్ఫెరాన్ ఇంజెక్షన్లు చేయించుకున్నవాళ్లను అడగండి: కొన్ని గంటల్లో చలి, జ్వరం, ఒళ్లు నొప్పులు. ఒంట్లో కొత్త వైరస్ ఏదీ లేకుండానే. డెంగీలో మొదటి రోజుల బాధలో గణనీయమైన పాలు మన ప్రతిఘటనదే. అటు దోమ ఏ కణాన్నీ మొత్తంగా స్తంభింపజేయదు. వైరస్‌ను తుడిచిపెట్టదు, హద్దులో ఉంచుతుంది. అది దోమకు లాభం, మనకు నష్టం. ఆరోగ్యంగా ఎగిరే దోమే కదా ఇంకొకరిని కుట్టేది.

అయితే ఇక్కడా ఒక మెలిక ఉంది. దోమ రక్తం తాగిన నాటినుంచి వైరస్ లాలాజలానికి చేరడానికి సుమారు 8 నుంచి 12 రోజులు పడుతుంది. బతికేదే కొద్ది వారాలు. 2009లో ప్రయోగశాలలో ఏడిస్ దోమల డైసర్-2ను అణచి చూస్తే డెంగీ ఎక్కువగా పెరిగింది, ఆ గడువు కూడా తగ్గింది. అంటే దోమ తనకోసం నడుపుతున్న రక్షణ, గడువును సాగదీసి, మనల్ని కూడా కొంత కాపాడుతోంది. గడువు తీరకముందే చచ్చిపోయిన ప్రతి దోమా ఎవరికో తప్పిన జ్వరమే.

ఈ దోమ పుట్టిల్లు ఆఫ్రికా. ఓడల నీటి పీపాల్లో గుడ్లు పెట్టుకుంటూ ప్రపంచం చుట్టింది. అందుకే అంతర్జాతీయ ఆరోగ్య నిబంధనలు రేవుల చుట్టూ కనీసం 400 మీటర్ల మేర రోగవాహక కీటకాలు లేకుండా చూడమంటాయి. విశాఖ నావికులు ఆఫ్రికా, దక్షిణ అమెరికా రేవులకు వెళ్లే ముందు వేయించుకునే ఎల్లో ఫీవర్ టీకా వెనకా ఇదే దోమ, డెంగీకి దాయాదైన వైరసే.

ఇంత భేదం చెప్పుకున్నాక బంధుత్వం చూడాలి. రెండు చోట్లా ప్రమాదాన్ని పట్టించేది ఒకే గుర్తు: రెండు పోగుల ఆర్‌ఎన్‌ఏ. పొడుగాటి రెండు పోగుల ఆర్‌ఎన్‌ఏను నులిపురుగులో పెడితే ఒక్క జన్యువు మూగబోతుంది. మనిషి కణంలో పెడితేనో, పీకేఆరూ ఇంటర్ఫెరానూ లేచి కణమంతా అల్లకల్లోలం. 2001లో థామస్ టుషల్ బృందం పొడుగు పోగులను వదిలేసి 21 అక్షరాల ముక్కలనే వాడింది. ఆ అలజడి తప్పింది, మన కణాల్లో కూడా ఎంచుకున్న జన్యువు మాత్రమే మూగబోయింది. దోమ పద్ధతికి కావలసిన పనిముట్లు మన దగ్గరా ఉన్నాయన్నమాట, ఇంటర్ఫెరాన్ సందడిలో అవి వినబడవు.

అలాగే మన కణంలో వైరస్ ఆర్‌ఎన్‌ఏను పసిగట్టి ఇంటర్ఫెరాన్‌కు పురికొల్పే రిగ్-ఐ, కీటకాల డైసర్-2 ఒకే హెలికేస్ వంశానివి. డైసర్-2 కోయడమే కాదు, కబురూ పంపగలదు. క్యూలెక్స్ దోమ కణాల్లో వెస్ట్ నైల్ వైరస్ సోకినప్పుడు డైసర్-2 ప్రేరణతో వేగో అనే చిన్న ప్రోటీన్ బయటికి వెలువడి, పక్క కణాల్లో జాక్-స్టాట్ మార్గాన్ని లేపి, వైరస్‌ను తగ్గిస్తుందని 2012లో ఆస్ట్రేలియా పరిశోధకులు చూపారు. వేగో నిర్మాణంలో ఇంటర్ఫెరాన్ కాదు. కానీ సోకిన కణం సోకని కణాన్ని హెచ్చరించడం, అది స్టాట్ ద్వారా జన్యువుల దాకా చేరడం అచ్చంగా మన కథే.

ఈ పోలికలూ తేడాలూ మనకంటే ముందు డెంగీకి తెలుసు. రెండు ఇళ్లలో కాపురం చేయాలి గనక తప్పదు. మనిషిలో దాని ఎన్‌ఎస్5 ప్రోటీన్ స్టాట్2ను పట్టి నాశనం చేయిస్తుంది, ఇంటర్ఫెరాన్ కబురు కేంద్రకం దాకా పోనివ్వదు. ఎలుక స్టాట్2 దాని పట్టుకు చిక్కదు, అందుకే మామూలు ఎలుకలో డెంగీ నిలదొక్కుకోలేదు. పరిశోధకులు ఇంటర్ఫెరాన్ గ్రాహకాలు తీసేసిన ఎలుకలను పెంచుకోవాల్సి వచ్చింది. ఎన్‌ఎస్5 చేసేది మన ఇంటికే పనికొచ్చే ఎత్తు. రెండు ఇళ్లకూ పనికొచ్చేది ఇంకొకటి ఉంది. వైరస్‌కున్న సుమారు 10,700 అక్షరాల జన్యు పదార్థం చివర, ప్రోటీన్‌గా మారని కొసలో, గట్టి మడతలున్నాయి. కణపు ఎంజైము వైరస్ ఆర్‌ఎన్‌ఏను కొరుకుతూ వచ్చి ఆ మడతల దగ్గర ఆగిపోతుంది. మిగిలిన ముక్క పోగుపడి, మన కణంలో ట్రిమ్25 అనే ప్రోటీన్‌ను అంటుకుని ఇంటర్ఫెరాన్ ఉత్పత్తిని తగ్గిస్తుంది. కీటక కణంలో డైసర్ పనికి అడ్డు పడుతుంది.

ఆ కొసలో ఒకే రకం మడత పక్కపక్కన రెండుసార్లు ఉంటుంది. ఎందుకు రెండు? 2015లో అర్జెంటీనా పరిశోధకులు డెంగీని దోమ కణాల్లోనూ మనిషి కణాల్లోనూ విడివిడిగా పెంచి చూశారు. దోమ కణాల్లో ఒక మడత చెదిరిన వైరస్‌లు నెగ్గుకొచ్చాయి. అవే మార్పులు మనిషి కణాల్లో వైరస్‌కు చెరుపు చేశాయి. ఒక ఇంటికి కావలసిన రూపం రెండో ఇంటికి గిట్టదు. మడత జంటగా ఉండబట్టి, ఒకటి చెదిరినా రెండోది వైరస్‌ను నిలబెడుతుంది. ప్రతి కాటుతోనూ మనిషి నుంచి దోమకు, దోమ నుంచి మనిషికి మారుతున్నప్పుడల్లా ఆ జంట మడతల మీద ఎంపిక ఇటు నుంచి ఒకసారి, అటు నుంచి ఒకసారి పనిచేస్తూనే ఉంది.