మరమనిషికి సిగ్గు నేర్పినదెవరు?

'రోబో' చిత్రం మీరు చూసే ఉంటారు. శంకర్ దర్శకత్వంలో తమిళంలో 'ఎందిరన్' పేరుతో తయారై, 2010లో తెలుగులోకి కూడా డబ్ అయి వచ్చింది. చివర్లో వందలాది చిట్టిలు ఒకదానికొకటి అతుక్కుని బంతిగా, పాముగా మారడం ఎవరూ మరచిపోరు. అయితే మీరు మరొక్కసారి గమనించవలసింది ఆ గారడీని కాదు, మధ్యలో వచ్చే అగ్నిప్రమాదాన్ని.

ఒక భవనం తగలబడుతుంది. చిట్టి మంటల్లో దూరి మనుషుల్ని బయటికి తెస్తాడు. స్నానం చేస్తున్న ఒక అమ్మాయిని కూడా ఉన్నదున్నట్లే ఎత్తుకొచ్చి జనం మధ్య దించుతాడు. ఎదురుగా టి.వి. కెమెరాలు! ఆమె సిగ్గుతో కుంచించుకుపోయి, పరుగెత్తి, వాహనం కింద పడి మరణిస్తుంది. తప్పెవరిది? మనిషి మనసు తెలియని యంత్రానిది అని చిత్రం తేల్చేస్తుంది. దాంతో శాస్త్రజ్ఞుడు వశీకరణ్ చిట్టికి భావోద్వేగాలు నేర్పే పనిలో పడతాడు. కళ్లార్పకుండా చూసిన జనానికి మాత్రం ఎవరూ ఏమీ నేర్పరు. ప్రాణం కంటే పరువు పెద్దదని ఆ అమ్మాయికి నేర్పింది యంత్రం కాదు కదా!

భావాలు వచ్చిన చిట్టి సనను ప్రేమిస్తాడు. ఆమె కాదంటుంది, అతడు వినడు. తరువాత వచ్చే అపహరణకూ, విధ్వంసానికీ విలన్ అమర్చిన ఎర్ర చిప్‌ను కారణంగా చూపిస్తారు. కాని అమ్మాయి వద్దన్నా వినకపోవడం ఆ చిప్ కంటే ముందే మొదలైంది. మన సినిమా హీరోలు ఎన్నో ఏళ్లుగా చేస్తున్నది అదే కాబట్టి కాబోలు, అది లోపంగా ఎవరికీ తోచలేదు. (అన్నట్టు, తెలుగులో 'యంత్రం వచ్చింది', 'అమ్మాయి వచ్చింది' అన్నప్పుడు క్రియ ఒకటే. చిట్టిని మాత్రం మనం 'వచ్చాడు' అంటాం!)

'రోబో' అన్న మాటకే మూలం 'రొబోట'. అంటే చెక్ భాషలో వెట్టిచాకిరీ. కారెల్ చాపెక్ 1920లో రాసిన నాటకం ద్వారా అది ప్రపంచానికి వచ్చింది. చాకిరీ చేసేవాళ్లు తిరగబడతారన్న యజమాని భయం అప్పటి నుంచీ ఈ కథల వెన్నంటే ఉంది. 1927 నాటి జర్మన్ చిత్రం 'మెట్రోపోలిస్'లో కార్మికుల్ని దారి తప్పించే యంత్రానికి, వారు నమ్మిన మరియ అనే యువతి రూపమే ఇచ్చారు.

అలెక్స్ గార్లండ్ తీసిన 'ఎక్స్ మషీనా' (2014) కాస్త మెరుగు. అందులో అనుమానం యంత్రం మీద కాక, దాన్ని చూసేవాడి అభిరుచికి తగినట్లు ఆడరూపంలో మలచిన నాథన్ మీదికి మళ్లుతుంది. కాని అక్కడ కూడా మాటలేని పనిమనిషి పాత్ర తూర్పు ఆసియా ముఖమున్న క్యోకోది. చివరకు ఏవా తనలాంటి మరో ఆసియా రూపపు యంత్రం చర్మాన్ని తొడుక్కుని స్వేచ్ఛగా వెళ్లిపోతుంది. క్యోకో నేలమీదే మిగులుతుంది.

ఇదంతా వెండితెర గొడవేనంటారా? ముఖం చూసి ఆడో మగో చెప్పే మూడు సంస్థల సాఫ్ట్‌వేర్లను జాయ్ బులమ్వీని, టిమ్నిట్ గెబ్రు పరీక్షించి 2018లో ఫలితాలు ప్రకటించారు. తెల్లని మగవారి విషయంలో పొరపాట్లు 0.8 శాతం మించలేదు. నల్లని స్త్రీల విషయంలో అవి 34.7 శాతం దాకా వెళ్లాయి. ఇక్కడ తిరుగుబాటూ లేదు, ఎర్ర చిప్పూ లేదు. ఇలాంటి సాఫ్ట్‌వేర్లను పరీక్షించడానికి అప్పటిదాకా వాడుతున్న రెండు ఫొటో సంకలనాలను వారు పరిశీలిస్తే, ఒకదానిలో 79.6 శాతం, మరొకదానిలో 86.2 శాతం తెల్లని చర్మం వారే ఉన్నారు.

'రోబో' ముగింపు 2030లో, ఒక ప్రదర్శనశాలలో జరుగుతుంది. విడిభాగాలుగా ఉన్న చిట్టిని ఎందుకు విప్పేశారని ఒక బడిపిల్ల అడుగుతుంది. తాను ఆలోచించడం మొదలుపెట్టినందుకని చిట్టి జవాబిస్తాడు. హాలులో చప్పట్లు మోగుతాయి. మంటల్లోంచి బయటపడి కూడా బతకలేకపోయిన ఆ అమ్మాయి ప్రస్తావన ఆ ప్రదర్శనశాలలో ఎక్కడా లేదు.