ఇప్పపువ్వు రాలిపోతే కాయ ఎక్కడిది?

సైన్సు పుస్తకం తెరిస్తే ఎక్కడ చూసినా 'కృత్యం' అనే మాటే. పిల్లలే చూడాలి, పోల్చాలి, సూత్రం తామే పట్టుకోవాలి, టీచరు దారి చూపితే చాలని శిక్షణల్లో చెబుతున్నారు. టీచర్ ట్రైనింగులో మేం చదివిన ఆగమన పద్ధతి, అన్వేషణ పద్ధతి ఇవే. 2009 విద్యాహక్కు చట్టం 29వ సెక్షన్ కూడా కృత్యాల ద్వారా, అన్వేషణ ద్వారా నేర్పాలంటుంది. ఆ వెంటనే, వీలైనంత వరకు బిడ్డ మాతృభాషలోనే బోధించాలంటుంది. మొదటి మాటకి శిక్షణలు జరుగుతున్నాయి. రెండో మాట 'వీలైనంత వరకు' దగ్గరే ఆగిపోయింది. రెండోది లేకుండా మొదటిది మన గూడేల బడుల్లో జరగదన్నదే మేం చెప్పదలచింది.

పువ్వు పాఠమే చూద్దాం. చాలా బడుల్లో మందారపువ్వు తెస్తారు. పెద్దది, భాగాలు బాగా కనబడతాయి. రక్షకపత్రాలు, ఆకర్షణపత్రాలు, కేసరాలు, అండకోశం అని బోర్డు మీద రాసి బొమ్మ గీయిస్తారు. ఆ తర్వాత పువ్వే కాయ అవుతుందని చెబుతారు. పెరటి మందారకి కాయ ఎవరు చూశారు? మామూలుగా అది కాయదు, కొమ్మ నాటి పెంచుకుంటాం. చూడని దాన్ని చూసినట్టు నోటుబుక్కులో రాయడమే అక్కడ కృత్యం. పైగా ఒకే ఒక్క పువ్వు కోసి సూత్రం చెప్పేస్తే అది ఆగమనం ఎట్లా అవుతుంది?

మార్చి, ఏప్రిల్ నెలల్లో చీకటితోనే బుట్టలు పట్టుకుని ఇప్పచెట్ల కిందికి పోయే పిల్లలు మన తరగతుల్లో ఉన్నారు. పువ్వు ఏ వేళకి రాలుతుందో, ఎలుగుబంటి ఏ చెట్టు కిందికి వస్తుందో వాళ్లకి తెలుసు. కొన్నాళ్లకి అదే చెట్టు కాయ ఏరి, గింజ తీసి, ఇంట్లో నూనె పట్టడం చూస్తారు. అలాంటి బిడ్డ ముందు పువ్వే కాయ అవుతుందంటే, "పువ్వంతా మేం ఏరుకొచ్చాం గదా సార్, మరి కాయ ఎక్కణ్ణించి వచ్చింది?" అని అడుగుతుంది. మందారతో ఈ ప్రశ్న పుట్టదు.

జవాబు చెప్పేయడం ఒక్క నిమిషం పని. చెప్పకుండా ఉండటమే కష్టం. రాలిన పువ్వుని చీల్చమనాలి. గుల్లగా, గుజ్జుగా ఉంటుంది, లోపలి గోడకి కేసరాలు అంటుకుని ఉంటాయి. అండకోశం కోసం వెతికితే దొరకదు. అప్పుడు చేతికందే కొమ్మ మీద ఒక గుత్తికి దారం కట్టించి, రోజూ చూసి రమ్మనాలి. పువ్వు జారిపోయాక గుత్తిలో రక్షకపత్రాలు మిగులుతాయి, వాటి మధ్య నుంచి సన్నటి పుల్లలా కీలం పొడుచుకుని ఉంటుంది. నిలిచినవాటి అడుగుభాగం మెల్లగా ఉబ్బుతుంది. మనం ఏరింది ఆకర్షణపత్రావళిని, కాయ అయ్యేది చెట్టు మీదే ఉండిపోయింది.

అక్కడితో ఆపకూడదు. బెండపువ్వు చూడాలి, గుమ్మడి చూడాలి. గుమ్మడిపాదుకి వెనక బుల్లి పిందె ఉన్న పువ్వులు కొన్ని, లేనివి కొన్ని. ఏది కాస్తుందో, ఏది వంటకి కోసుకోవచ్చో ఇంట్లో ఆడవాళ్లని అడిగితే చెబుతారు. ఇన్ని చూశాక, కడుపున్న పువ్వే కాస్తుందని పిల్లలు కోయలోనో గోండిలోనో అంటే సూత్రం వచ్చేసినట్టే. 'అండాశయం' అనే పేరు అప్పుడివ్వాలి. ఇప్పుడు మాత్రం పేరు ముందొస్తుంది, తెలియని భాషలో వస్తుంది. పిల్లల మాట తప్పు కింద కొట్టేస్తారు.

ఆదివాసీ పిల్లల్ని అడవిలో వదిలితే చాలు, అన్నీ వాళ్లే కనుక్కుంటారనే వాళ్లూ ఉన్నారు. ఈ పొగడ్త మాకు అక్కర్లేదు. పువ్వు ఏరినంత మాత్రాన పుప్పొడి సంగతి తెలియదు. భూతద్దం కావాలి, సరైన చోట సరైన ప్రశ్న వేసే టీచరు కావాలి, ఆ టీచరుకి పిల్లల భాష తెలియాలి.

మధ్యప్రదేశ్‌లోని హోషంగాబాద్ జిల్లాలో 1972లో 16 బడుల్లో ఇలాంటి సైన్సు బోధన మొదలైంది. కిశోర్ భారతి, ఫ్రెండ్స్ రూరల్ సెంటర్ మొదలుపెడితే, 1982లో ఏర్పడిన ఏకలవ్య సంస్థ ముందుకు తీసుకుపోయింది. వాళ్ల 'బాల్ వైజ్ఞానిక్' పుస్తకాల్లో ప్రయోగాలు, ప్రశ్నలు ఉంటాయి, జవాబులు ఉండవు. పరీక్ష పుస్తకం దగ్గర పెట్టుకునే రాయొచ్చు, చేసి చూపించే పరీక్ష వేరే ఉండేది. 2002లో ప్రభుత్వం ఆపేసింది. దానిలోనూ మాకో లోటు కనబడుతుంది. గోండులు, కొర్కులు ఉన్న ఆ జిల్లాలో పుస్తకం హిందీలోనే వచ్చింది. అయినా పద్ధతి మారిస్తే పరీక్షా మారాలని వాళ్లు గ్రహించారు. మన దగ్గర పద్ధతి మారిందన్నారు గానీ, పరీక్షలో ఇప్పటికీ బొమ్మ గీసి భాగాలు గుర్తించమనే అడుగుతున్నారు. గైడు బట్టీపట్టిన పిల్లకి మార్కులు పడతాయి, దారం కట్టి చూసిన పిల్లకి రాసే చోటే లేదు.

ఇక హాజరు పట్టీ. ఒంటిపూట బడులప్పుడు పొద్దున్నే గంట కొడతాం. ఆ వేళకి ఇప్పచెట్టు కింద ఉన్న బిడ్డకి ఆబ్సెంట్ పడుతుంది. ఐటీడీఏ ప్రాంతాల బడులకైనా పువ్వు రాలే రోజుల్లో గంట ఆలస్యంగా కొట్టుకునే వెసులుబాటు ఇవ్వాలని అడుగుతున్నాం. అది వచ్చేలోపు పువ్వు పాఠాన్ని మార్చి నెలకి జరుపుకోవడం మన చేతిలో పనే.