మేం గెలిచాం

మా మేనల్లుడు కొలంబస్‌లో ఎమ్మెస్ చదివే రోజుల్లో ఒక ఆదివారం పొద్దున్నే ఫోన్ చేసి, "మావయ్యా, మేం గెలిచాం" అన్నాడు. అరిచి అరిచి గొంతు బొంగురుపోయింది. చిన్నప్పుడు గల్లీ క్రికెట్‌లో కూడా వీణ్ణి అంపైరుగానే నిలబెట్టేవారు. అందుకే, "నువ్వెప్పుడాడావురా?" అన్నాను. "నేను కాదు మావయ్యా, మా యూనివర్సిటీ."

నాకు పట్టుకున్నది ఆ 'మేం'. మన భాషలో మనం వేరు, మేం వేరు. ఐపీఎల్‌లో హైదరాబాద్ గెలిస్తే "మనోళ్ళు గెలిచారు" అంటాం. ఆడింది వాళ్ళు, సంబరం మనది. వీడి మాటలో ఆడిన కుర్రాళ్ళూ వీడూ ఒక జట్టు, ఫోనుకి ఇవతలున్న నేను పరాయివాణ్ణి. వెళ్ళి ఏడాది కాలేదు, నన్ను అవతలికి నెట్టేశాడే అని కాస్త చివుక్కుమంది కూడా. అమెరికాలో ప్రొఫెషనల్ ఫుట్‌బాల్‌ని పక్కన పెట్టి కాలేజీ ఫుట్‌బాల్ కోసం ప్రాణం పెట్టేవాళ్ళ సంగతంతా ఆ ఒక్క మాటలోనే ఉందని తర్వాత్తర్వాత తెలిసింది.

ఆటలో ఎవరు గొప్ప అనే వాదనే అక్కర్లేదు. ప్రొఫెషనల్ లీగు ఎన్‌ఎఫ్‌ఎల్‌లో ఉన్నవి 32 జట్లు, దేశంలోని మెరికలన్నీ అక్కడే. కాలేజీల్లో పై శ్రేణిలోనే 130కి పైగా జట్లున్నాయి, అన్నింటికీ మెరికలు ఎక్కణ్ణించి వస్తారు? చేతుల్లో పడ్డ బంతి జారిపోతుంది. పందొమ్మిదేళ్ళ కుర్రాడు సులువైన కిక్ పక్కకి తన్నేసి తల పట్టుకుంటాడు. అయినా ఆన్ ఆర్బర్‌లో మిషిగన్ యూనివర్సిటీ స్టేడియంలో 1,07,601 మంది కూర్చునే చోటుంది. ఎన్‌ఎఫ్‌ఎల్ జట్లు ఆడే మైదానాల్లో అన్ని సీట్లున్నది ఒక్కటీ లేదు.

జీతమిచ్చే జట్టుకి యజమాని ఉంటాడు. 1984 మార్చిలో ఒక మంచు రాత్రి బాల్టిమోర్ కోల్ట్స్ యజమాని జట్టు సామానంతా లారీలకెక్కించి ఇండియానాపొలిస్ పంపేశాడు. తెల్లారి ఊరు లేచేసరికి జట్టు లేదు. ఆ జట్టుకో బ్యాండు మేళం ఉండేది, అది మాత్రం కదల్లేదు. 1996లో ఊరికి మళ్ళీ ఒక ఎన్‌ఎఫ్‌ఎల్ జట్టు వచ్చేదాకా, పన్నెండేళ్ళ పాటు, వాయిస్తూనే వచ్చింది. ఎంత ప్రేముంటే మాత్రం, యజమాని లారీ పిలిచాక అభిమాని చేయగలిగేది అంతే. యూనివర్సిటీని లారీకెక్కించలేరు.

కాలేజీలో చోటు కదలదు, కదిలేది మనుషులు. ఆడేవాడూ, వాయించేవాడూ, గ్యాలరీలో గొంతు చించుకునేవాడూ నాలుగైదేళ్ళకి పట్టా పుచ్చుకుని వెళ్ళాల్సిందే. కాబట్టి ప్రతి ఏడూ కొత్తగా వచ్చినవాడికి పాతవాడు అన్నీ నేర్పాలి. నేర్పడం ఆగిన రోజున ఆ జట్టుకి మిగిలేది చొక్కా రంగొక్కటే. మా వాడికి కూడా మొదట నేర్పింది ఆట కాదు, ఎక్కడ లేవాలి, ఎక్కడ ఏం అరవాలి అన్నది.

కొలంబస్‌లో మా వాడి యూనివర్సిటీ ఒహాయో స్టేట్. దాని బ్యాండు చేసే పని చూడండి. ఇందులో ఫ్లూటు, క్లారినెట్ లాంటివి ఉండవు, ఇత్తడి బూరాలూ డ్రమ్ములూ మాత్రమే. రెండు వందల పైచిలుకు మంది మైదానంలో ముందు పెద్ద 'ఓ' ఆకారంలో తిరుగుతారు. తర్వాత ఉండ విప్పిన దారంలా ఒంటి వరసగా, బ్యాండుని నడిపించే డ్రమ్ మేజర్ వెనకాల నడుస్తూ, ఒక ఫ్రెంచి సైనిక గీతం వాయిస్తూ, గొలుసుకట్టు ఇంగ్లీషు రాతలో 'ఒహాయో' అని రాస్తారు. అక్షరం మెలిక తిరిగే చోట వరస వరసకే అడ్డం వస్తుంది. అక్కడ ఒకరి సందులోంచి ఒకరు, అడుగు తప్పకుండా, పాట తప్పకుండా దూరి పోవాలి. ఆఖరికి 'ఐ' మీద చుక్క మిగులుతుంది. దాన్ని పెట్టేది సూసాఫోన్ వాయించేవాడు, అంటే ఒంటికి చుట్టుకునే అతిపెద్ద బూరా మోసేవాడు. అదీ కొత్తవాళ్ళకివ్వరు, కనీసం నాలుగో ఏడు వాయిస్తున్నవాడై ఉండాలి. వరసలోంచి బయటికొచ్చి, మోకాళ్ళు ఎగరేసుకుంటూ చుక్క దగ్గరికి నడిచి, అంత బరువుతోనూ నడుం వంచి అటూ ఇటూ దండం పెడతాడు. అప్పుడు లేచే అరుపు జట్టు పాయింట్లు కొట్టినప్పటి అరుపుకి తీసిపోదు.

1936 అక్టోబరులో మొదలైంది ఇది. మిషిగన్ వాళ్ళు మాత్రం 1932లోనే మేం రాశామంటారు, అది వేరే తగువు. ఆ చుక్క పెట్టే గౌరవం బ్యాండులో లేనివాళ్ళకి దక్కడం బహు అరుదు. అంతరిక్షంలో భూమిని చుట్టొచ్చిన జాన్ గ్లెన్‌కి దక్కింది. ఇంకో సంగతి, బ్యాండులో చోటు దొరికింది కదా అని నిశ్చింతగా ఉండటానికి లేదు. బెంచీ మీదున్నవాడు వారం వారం "నీకంటే బాగా వాయిస్తా, నడుస్తా" అని సవాలు చేసి చోటు లాక్కోవచ్చు.

మన పిల్లలు ఏటా పెద్ద సంఖ్యలో చేరే టెక్సస్ ఏ అండ్ ఎం యూనివర్సిటీలో ఇంకో రకం. అక్కడ విద్యార్థులు ఆటంతా నిలబడే ఉంటారు, కూర్చోవడం తప్పు. అరుపులు నడిపించే విద్యార్థులు చేతి సైగ చేస్తారు. ముందు వరస దాన్ని వెనక వరసకి, వాళ్ళు ఆ వెనకవాళ్ళకి అందిస్తారు. సైగ పైదాకా పాకాక అందరూ మోకాళ్ళ మీద చేతులానించి వంగి ఒకే గొంతుతో అరుస్తారు. నేర్చుకోవడానికి ఆట ముందు రాత్రి, అర్ధరాత్రి వేళ, రిహార్సల్ కూడా ఉంది. నిలబడటం వెనక కథ 1922 జనవరి 2 నాటిది. డాలస్‌లో సెంటర్ కాలేజీతో ఆట, ఆటగాళ్ళు ఒక్కొక్కరే దెబ్బలు తిని కూలుతున్నారు. జట్టు వదిలేసి బాస్కెట్‌బాల్ వైపు వెళ్ళిన కింగ్ గిల్ అనే కుర్రాడు పైన విలేకరుల దగ్గర కూర్చునుంటే, కోచ్ కిందికి పిలిపించాడు. స్టాండు కింద బట్టలు మార్చుకుని వచ్చి, ఆట ముగిసేదాకా గీత పక్కనే సిద్ధంగా నిలబడ్డాడు. లోపలికి దిగాల్సిన పని పడలేదు, జట్టు 22-14తో గెలిచింది. ఒక్క నిమిషం కూడా ఆడనివాడు అక్కడ వీరుడు. వేరే ఏ లీగు వీణ్ణి గుర్తుపెట్టుకుంటుంది?

ఇక ఆట ఎత్తుల్లోనూ తేడా ఉంది. మైదానం వెడల్పు 160 అడుగులు. బంతి ఏ హద్దుల మధ్య పెట్టాలో చెప్పే రెండు వరసల చిన్న గీతలుంటాయి, వాటిని హ్యాష్ మార్కులంటారు. ఎన్‌ఎఫ్‌ఎల్‌లో వాటి మధ్య పద్దెనిమిదిన్నర అడుగులే, అంటే ప్రతిసారీ ఇంచుమించు నడిమధ్య నుంచే ఆట. కాలేజీలో ఆ దూరం 40 అడుగులు. బంతి ఒక గీత మీదుంటే ఒక పక్క 60 అడుగులు, రెండో పక్క 100. తెలివైన కోచ్‌కి ఆ నూరడుగుల ఖాళీ చాలు.

ఆ ఖాళీని వాడుకునే పాత ఎత్తు ట్రిపుల్ ఆప్షన్. ఎదుటి జట్టులో ఒకణ్ణి కావాలనే అడ్డుకోకుండా వదిలేస్తారు. ఆట నడిపించే క్వార్టర్‌బ్యాక్ బంతిని, వెనకనుంచి దూసుకొచ్చే ఫుల్‌బ్యాక్ పొట్టకి ఆనించి, చెయ్యి వదలకుండా, ఆ వదిలేసినవాడి భుజాలు ఎటు తిరిగాయో చూస్తాడు. వాడు ఫుల్‌బ్యాక్ మీదికి వస్తే బంతి లాగేసుకుని తనే పరిగెడతాడు, రాకపోతే ఇచ్చేస్తాడు. తను పరిగెడితే ఇంకొకణ్ణి కూడా అలాగే వదిలేసి ఉంటారు. వాడు తన మీదికి దూకగానే పక్కన పరిగెడుతున్నవాడికి బంతి విసిరేస్తాడు. ఇదంతా రెప్పపాటు పని. కోట్ల డాలర్ల క్వార్టర్‌బ్యాక్‌ని ఆటాటకీ ఇన్ని దెబ్బలు తిననివ్వడానికి ఎన్‌ఎఫ్‌ఎల్ యజమానికి మనసొప్పదు. అమెరికా సైనిక కళాశాలలు మాత్రం దీన్ని దశాబ్దాలుగా పోషించాయి. రేపు సైన్యంలోకి వెళ్ళాల్సినవాళ్ళు కొండల్లా ఉండటానికి లేదు, ఉపాయమే వాళ్ళ బరువు. 1890 నుంచి ఆడుతున్న ఆర్మీ, నేవీ జట్లు ఆట అయ్యాక ఇద్దరూ కలిసి ముందు ఓడినవాళ్ళ గ్యాలరీ ఎదుట నిలబడి వాళ్ళ కాలేజీ పాట వింటారు. ఆ తర్వాతే గెలిచినవాళ్ళది.

"కాలేజీ కుర్రాళ్ళు డబ్బు కోసం ఆడరు, అదే అందం" అని పాతకాలం అభిమానులు ఇప్పటికీ అంటుంటారు. నాకు ఈ మాట ఎప్పుడూ మింగుడుపడలేదు. కోచ్‌లు లక్షల డాలర్లు తీసుకుంటుంటే, మోకాళ్ళు విరగ్గొట్టుకునే కుర్రాడు మాత్రం ఫీజు మాఫీతో సరిపెట్టుకోవడంలో అందమేముంది? 2021 జులై నుంచి ఆటగాళ్ళు తమ పేరు మీద సంపాదించుకోవచ్చు, 2025 నుంచి యూనివర్సిటీలే నేరుగా డబ్బిస్తున్నాయి. దానివల్ల స్టేడియాలేం ఖాళీ కాలేదు. అసలు దెబ్బ ఇంకో వైపు నుంచి తగిలింది. 1904లో ఓక్లహామాలోని రెండు కాలేజీలు తొలిసారి ఆడుతుంటే, ఎదురుగాలికి బంతి వెనక్కి కొట్టుకుపోయి గడ్డకట్టే చలి వాగులో పడింది. ఇరుపక్షాలవాళ్ళూ అందులో దూకారు, బంతితో పైకొచ్చినవాడి జట్టుకి పాయింట్లిచ్చారు. ఆ వైరం నూట ఇరవయ్యేళ్ళకి చేరువైంది. టీవీ డబ్బెక్కువొచ్చే కూటమిలోకి 2024లో ఒక కాలేజీ వెళ్ళిపోవడంతో 2023 ఆటే ఆఖరిదైంది. లారీ రాలేదు కానీ, ఆ ఊళ్ళవాళ్ళకి బాల్టిమోర్ రాత్రి ఏమిటో తెలిసొచ్చి ఉంటుంది.

2024 నవంబరులో ఒహాయో స్టేట్ సొంతగడ్డ మీద పాత వైరి మిషిగన్ చేతిలో 13-10తో ఓడింది. జనవరిలో దేశ చాంపియన్ అయింది. అభినందిద్దామని ఫోన్ చేస్తే మా వాడు, "అయితే ఏం మావయ్యా, వాళ్ళ చేతిలో ఓడిపోయాం కదా" అన్నాడు. ఇప్పుడు వాడు డాలస్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. మిషిగన్ ఆట ఉన్న వారం కొలంబస్ క్యాంపస్‌లో 'ఎం' అక్షరం కనబడిన బోర్డు మీదల్లా ఎర్ర టేపుతో ఇంటూ కొట్టేస్తారు. వీడు తెలుగుని ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టే రకం కనక, ఆ వారం నాకొచ్చే మెసేజీల్లో కూడా ఆ అక్షరం ఉండదు. 'మావయ్యా' తల పోయి ఎర్ర ఇంటూతో మొదలవుతుంది. ఒకసారి ఆట మొదలవడానికి గంట ముందు 'మేం గెలుస్తాం' అని పంపాడు. మొదటి మాటకి రెండు కొసలా రెండు ఇంటూలు, మధ్యలో 'ఈ' అక్షరం ఒక్కటీ.